రద్దీలో న్యాయం: ప్యాకెట్ల వరుస, నెట్ న్యూట్రాలిటీ

ఇంటర్నెట్‌లో రద్దీని అదుపు చేయాలంటే ఏదో ఒకదాన్ని ఆపి మరొకదాన్ని ముందుకు పంపక తప్పదు కదా, అలాంటప్పుడు అన్నిటినీ సమానంగా చూడాలనే నెట్ న్యూట్రాలిటీ ఆచరణలో ఎలా సాధ్యమని ఒక పాఠకుడు అడిగారు. ఈ ప్రశ్నకు జవాబును చట్టాల కంటే ముందు సమాచారాన్ని దారి చూపి ముందుకు పంపే యంత్రమైన రౌటర్ లోపల, ప్యాకెట్లు (సమాచారాన్ని విడగొట్టి పంపే చిన్న ముక్కలు) తమ వంతు కోసం నిలిచి ఉండే వరుసలో వెతకాలి.

1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, అక్కడికి సుమారు 400 గజాల దూరంలో ఉన్న బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య సెకనుకు 32,000 బిట్ల చొప్పున సాగే రవాణా ఒక్కసారిగా 40 బిట్లకు పడిపోయింది. తీగ తెగలేదు, యంత్రం చెడిపోలేదు. లింకు, అంటే ఆ రెంటినీ కలిపే దారి, నిండా ప్యాకెట్లు పోతూనే ఉన్నాయి గానీ, వాటిలో చాలావరకు అంతకు ముందే పంపిన ప్యాకెట్ల నకళ్లు. ప్యాకెట్ చేరిందన్న జవాబు ఆలస్యమైతే ప్యాకెట్ పోయిందనుకుని కంప్యూటర్ దాన్ని మళ్లీ పంపేది. మొదటిది ఇంకా వరుసలో ఉండగానే రెండోది వచ్చి చేరేది. వరుస పెరిగేకొద్దీ ఆలస్యం, ఆలస్యం పెరిగేకొద్దీ నకళ్లు పెరుగుతూ పోయేవి.

దీనికి ఆ ప్రయోగశాల పరిశోధకుడు వాన్ జేకబ్సన్ 1988లో ప్రచురించిన పరిష్కారం అద్భుతమైనది. ప్యాకెట్ పోయిందంటే దారిలో రద్దీ ఉందని గ్రహించి, పంపే కంప్యూటరే తన జోరును సగానికి తగ్గించుకోవాలి. పంపినవన్నీ చేరుతున్నంత కాలం, జవాబులు తిరిగి వచ్చే ప్రతి విడతకూ ఒక్క ప్యాకెట్ చొప్పున మాత్రమే పెంచుకోవాలి. ప్యాకెట్ పోవడాన్ని ఒక లోపంగా బోధించి వదిలేసే పాఠాలు నాకు ఎప్పుడూ అసంతృప్తినే కలిగిస్తాయి, ఎందుకంటే ఆ నష్టమే ఇక్కడ సంకేతం.

ఈ నియమంలో దాగి ఉన్న న్యాయాన్ని అంకెల్లో చూడవచ్చు. ఒక లింకు విడతకు 12 ప్యాకెట్లు మోయగలదనీ, అందులో ఒక కనెక్షన్ 10, మరొకటి 2 పంపుతున్నాయనీ అనుకుందాం. రద్దీ వచ్చి రెండూ సగానికి తగ్గితే 5, 1 అవుతాయి. ఆ తర్వాత చెరొకటీ పెంచుకుంటూ పోయి 8, 4 దగ్గర లింకును మళ్లీ నింపుతాయి. ఇంకోసారి సగమైతే 4, 2, అక్కడి నుంచి 7, 5. పెరుగుదల ఇద్దరికీ ఒకటే కాబట్టి తేడాను మార్చదు, తగ్గుదల మాత్రం తేడాను ప్రతిసారీ సగం చేస్తుంది: 8, 4, 2, 1. పైనుంచి ఎవరూ వాటాలు పంచకుండానే రెండు కనెక్షన్లూ సమానత్వం వైపు జరుగుతాయి.

అయితే ఈ సమానత్వం కనెక్షన్ల మధ్యనే గానీ మనుషుల మధ్య కాదు. ఫైళ్లను పంచుకునే బిట్‌టొరెంట్ వంటి ప్రోగ్రామ్ ఒకేసారి అనేక కనెక్షన్లు తెరిచి, ఎన్ని తెరిస్తే అన్ని వాటాలు తీసుకుంటుంది. 2007లో అమెరికాలో ఇంటర్నెట్ సేవలందించే కామ్‌కాస్ట్ సంస్థ దీనికి విరుగుడుగా, కనెక్షన్‌ను తెంచమని ఎదుటి కంప్యూటరే చెబుతున్నట్టుగా నకిలీ రీసెట్ ప్యాకెట్లు పంపిందని బయటపడింది. ఆ దేశపు నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2008లో దాన్ని తప్పుపట్టగా, అందుకు ఎఫ్‌సీసీకి అధికారం లేదని 2010లో న్యాయస్థానం చెప్పింది. కోర్టు తీర్పు కంటే కామ్‌కాస్ట్ తర్వాత చేసిన మార్పే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది: ఏ ప్రోగ్రామ్ అన్నది చూడకుండా, రద్దీ ఉన్న చోట గత కొద్ది నిమిషాల్లో ఎక్కువ వాడిన వినియోగదారుడి ప్యాకెట్లకు తాత్కాలికంగా ప్రాధాన్యం తగ్గించే పద్ధతికి అది మారింది. రద్దీని తగ్గించడానికి లోపల ఏముందో చూడనక్కర లేదని చెప్పడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం ఉండదు.

మరి ఆలస్యాన్ని ఓర్చుకోలేని మాటల కాల్ సంగతేమిటి? 1,500 బైట్ల ప్యాకెట్ అంటే 12,000 బిట్లు. సెకనుకు కోటి బిట్లు మోసే లింకుపైకి దాన్ని ఎక్కించడానికి 1.2 మిల్లీసెకన్లు పడుతుంది. ముందు 100 డౌన్‌లోడ్ ప్యాకెట్లు ఉంటే మాట 120 మిల్లీసెకన్లు ఆగాలి. సంభాషణ సహజంగా సాగాలంటే ఒకవైపు మొత్తం ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదన్నది అంతర్జాతీయ టెలికాం ప్రమాణం. అంటే ఒక్క రౌటరే ఆ గడువును దాదాపు మింగేసింది. మాటల ప్యాకెట్లను గుర్తించి ముందుకు తెస్తే సరిపోతుందని వెంటనే తోస్తుంది. కానీ కంప్యూటర్ ఇంజనీరు జాన్ నేగుల్ 1985లోనే మరో దారి చూపించారు: ఒక్కొక్కరికీ వేరే వరుస పెట్టి, ప్రతి వరుస నుంచీ వంతుల వారీగా ఒక్కో ప్యాకెట్ తీయాలి. అప్పుడు డౌన్‌లోడ్ తన వరుసలోనే తాను ఇరుక్కుంటుంది, మాట మాత్రం ఎదురుగా ఉన్న ఒక్క ప్యాకెట్ కోసం 1.2 మిల్లీసెకన్లు ఆగి వెళ్లిపోతుంది. అది మాట అని రౌటర్‌కు తెలియనే తెలియదు.

కనుక రద్దీ నిర్వహణ వేరు, వివక్ష వేరు. ఐరోపా సమాఖ్య 2015 నిబంధన కూడా సాంకేతిక అవసరాలను బట్టి ట్రాఫిక్ వర్గాల మధ్య తేడా చూపడాన్ని అనుమతిస్తూ, వ్యాపార ప్రయోజనాల కోసం చూపడాన్ని నిషేధించింది. భారతదేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరిలో, చూసే విషయాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టడాన్నే నిషేధించింది. ధరల్లో వివక్షకు రద్దీ సాకు కూడా లేదు కాబట్టి అది సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

నిజంగా కష్టమైన చోటు రెండు నెట్‌వర్కులు కలిసే పోర్టు, అంటే వాటిని జోడించే ద్వారం. అక్కడి వరుసలో అన్ని ప్యాకెట్లనూ సమానంగా చూస్తూనే, పోర్టును విస్తరించకుండా ఊరుకుంటే ఆ దారిన వచ్చేవారంతా నష్టపోతారు. 2014లో నెట్‌ఫ్లిక్స్, కామ్‌కాస్ట్ మధ్య వివాదం ఇలాంటిదే. ఇరుపక్షాలూ ఒకరినొకరు నిందించుకోగా, చివరికి నెట్‌ఫ్లిక్స్ డబ్బు చెల్లించి కామ్‌కాస్ట్ నెట్‌వర్కుతో నేరుగా కలిసింది. ఎఫ్‌సీసీ 2015 నియమాలు ఇలాంటి వివాదాలను విడివిడిగా విచారించే వీలు కల్పించాయి. వాటిని 2017లో రద్దు చేశారు, 2024లో మళ్లీ తెచ్చిన నియమాలను 2025 జనవరిలో అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. ఇలాంటి రద్దీని బయటి నుంచే పట్టుకోవచ్చు: లింకుకు ఇవతలి రౌటర్‌కూ అవతలి రౌటర్‌కూ చిన్న ప్యాకెట్లు పంపుతూ జవాబు వచ్చే సమయాన్ని కొలిస్తే, ఇవతలిది మారకుండా అవతలిది మాత్రం ప్రతి సాయంత్రం పెరిగి అర్ధరాత్రి దాటాక తగ్గుతున్నట్లయితే, ఆ రెండింటి మధ్య పోర్టు నిండిపోయిందని అర్థం.