ఆర్టీమియా టాక్సిసిటీ టెస్ట్: ల్యాబుల్లో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

విశాఖలో ఆర్టీమియాకు, అంటే ఉప్పునీళ్లలో బతికే రొయ్యల చుట్టం లాంటి చిట్టి ప్రాణికి, కరువు లేదు. భీమిలి వైపు తీరంలో రొయ్యల హ్యాచరీలున్నాయి, అక్కడ రొయ్య పిల్లల మేత కోసం దీని గుడ్లను టిన్నులకు టిన్నులు పొదిగిస్తారు. అందుకే ఫార్మసీ, మెరైన్, పర్యావరణ ప్రాజెక్టుల్లో చవకైన టాక్సిసిటీ టెస్ట్ (విషప్రభావ పరీక్ష) అంటే ముందు దీని పేరే వస్తుంది. ఉప్పునీళ్లలో పొదిగించడం, శాంపిల్ కలపడం, 24 గంటల తర్వాత చచ్చినవి లెక్కపెట్టడం, అంతే పని. ఇంత తేలిక కాబట్టే ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తారు, ఒకే పదార్థానికి ఒక్కో ల్యాబులో ఒక్కో ఎల్‌సీ50 (సగం ప్రాణులను చంపే మోతాదు) వస్తుంది. ఈ పనిలో ఉన్నందుకు నాకు తరచూ వినపడే మాటలు ఇవి.

అపోహ: పొదిగిన పిల్ల ఏదైనా ఒకటే, పిపెట్‌కు చిక్కినవి వేసేయొచ్చు.

వాస్తవం: ఫలితాలు తేడా కొట్టేది ఎక్కువగా ఇక్కడే. గుడ్డు పగిలి బయటికొచ్చిన తొలి దశ పిల్లకు (నాప్లియస్) నోరు తెరుచుకుని ఉండదు. వెంట తెచ్చుకున్న సొన మీదే బతుకుతుంది. కొన్ని గంటలకు పొర విడిచి రెండో దశకు వచ్చాక జీర్ణనాళం తెరుచుకుంటుంది, నీళ్లలోని సన్నటి రేణువులను మింగడం మొదలుపెడుతుంది. మీ శాంపిల్ కడుపులోకి వెళ్లే దారి పడేది అప్పుడే. అందుకే 1981లో గెంట్ యూనివర్సిటీ పరిశోధకులు ప్రతిపాదించిన పద్ధతిలో రెండు, మూడు దశల పిల్లలనే వాడమన్నారు.

పైగా ఒకే టిన్నులోని గుడ్లన్నీ ఒకేసారి పగలవు. 25 డిగ్రీల దగ్గర పొదిగించి, 24 గంటలకు పాత్రకు ఒక పక్క లైటు పెట్టండి. పిల్లలు వెలుతురు వైపు గుమిగూడతాయి, వాటిని తీసి కొత్త ఉప్పునీళ్లలోకి మార్చి, మేత పెట్టకుండా ఇంకో రోజు ఉంచండి. టెస్ట్ ఆ తర్వాతే. గడియారాన్ని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. మే నెలలో రాత్రి ఏసీ ఆపేసిన గదిలో పిల్ల ఎదుగుదల వేరు. నాలుగైదు పిల్లల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూడండి: తొలి దశది నారింజ రంగులో బొద్దుగా ఉంటుంది, తర్వాతి దశల్లో ఒళ్లు సాగి, లోపల పేగు గీతలా కనిపిస్తుంది. రెండు నిమిషాల పని, అయినా థీసిస్‌ల్లో ఈ ముక్క నాకు ఎక్కడో తప్ప కనపడదు.

అపోహ: కంట్రోల్‌లో (శాంపిల్ కలపని నీళ్లలో) ఏవీ చావలేదు, కాబట్టి టెస్ట్ ఓకే.

వాస్తవం: నీళ్లు బాగున్నాయని, పిల్లలు బలంగా ఉన్నాయని మాత్రమే దానివల్ల తెలిసింది. ఈ బ్యాచ్ విషానికి ఎప్పటిలాగే స్పందిస్తోందా అన్నది తెలియాలంటే ప్రతి విడతలోనూ పొటాషియం డైక్రోమేట్ లాంటి రిఫరెన్స్ విషం ఒకటి నడపాలి. దాని ఎల్‌సీ50లను ఒక చార్టులో వేసుకుంటూ పోండి. మీ మామూలు హద్దులు దాటి వచ్చిన రోజు ఎంత టెన్షన్ ఉన్నా, గైడ్ ఎంత తొందర పెట్టినా ఆ విడత పక్కన పడేయాల్సిందే. మొక్క సారాన్ని డీఎంఎస్‌వో అనే ద్రావణిలో కరిగిస్తే ఆ ద్రావణికి వేరే కంట్రోల్ ఉండాలి, దాని శాతం అన్ని డోసుల్లోనూ ఒకటే ఉండాలి. కంట్రోల్‌లో మరణాలు 10 శాతం దాటితే అబాట్ సూత్రంతో (కంట్రోల్ మరణాలను లెక్కలోంచి తీసేసే సూత్రం) సరిచేసుకుందాం అనుకోవద్దు. పాడైన టెస్టును బాగుచేసే మందు కాదది.

అపోహ: సముద్రం పక్కనే ఉంది, ఆర్కే బీచ్ నీళ్లు చాలు.

వాస్తవం: వానలు వెనకబట్టాక బంగాళాఖాతం పైనీళ్లలో ఉప్పు బాగా తగ్గుతుంది. దానికి తోడు ఊరి కాలువలు. ఉప్పుశాతం (సెలినిటీ) మారితే డైక్రోమేట్ ఎల్‌సీ50 కూడా మారుతుంది. 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్ల ఉప్పు) కృత్రిమ సముద్రపు నీళ్లు కలుపుకోండి. ఫ్యాన్ కింద మూతలేని ప్లేటు పెడితే అవి కూడా తెల్లారేసరికి 35 దగ్గర ఉండవనుకోండి!

అపోహ: మేం వాడింది ఆర్టీమియా సలైనా.

వాస్తవం: అలవాటుగా అలా రాసేస్తారు. మార్కెట్లోని టిన్నుల్లో చాలావాటిలో ఉండేది అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వచ్చే ఆర్టీమియా ఫ్రాన్సిస్కానా అనే వేరే జాతి. టిన్ను మీదున్న మూలం, లాట్ నంబర్ రాసుకోండి.

అపోహ: ఎల్‌సీ50 మిల్లీలీటరుకు 1000 మైక్రోగ్రాముల లోపు వస్తే క్యాన్సర్ మందు దొరికినట్టే.

వాస్తవం: ఈ ఒక్క మాట మీద ఎన్ని ప్రాజెక్టులు నడుస్తున్నాయో! మొక్కల సారాలను వడపోయడానికి 1982లో మేయర్ బృందం ఈ టెస్టును ప్రచారంలోకి తెచ్చింది, ఆ 1000 హద్దు అప్పటినుంచి వాడుకలో ఉంది. ఏ సారాన్ని ముందుకు తీసుకెళ్లాలో తేల్చుకోవడానికి పెట్టుకున్న గీత అది, అంతకుమించి ఏం లేదు. సారంలోని ఆమ్లం పీహెచ్‌ను పడగొట్టినా, సపోనిన్లు (సబ్బులా నురగనిచ్చే మొక్కల పదార్థాలు) ఎక్కువున్నా పిల్లలు చస్తాయి. ముందు పీహెచ్ చూడండి, క్యాన్సర్ సంగతి తర్వాత.

అపోహ: ఫ్యాక్టరీ నీళ్లలో ఆర్టీమియా బతికింది, అంటే ఆ నీళ్లు సురక్షితం.

వాస్తవం: మామూలు సముద్రాన్ని మించిన ఉప్పు మడుల్లోనే కాపురం చేసే మొండి ప్రాణి ఇది. చాలా విషాలకు డాఫ్నియా (మంచినీటి చిట్టి ప్రాణి) కంటే తక్కువ సున్నితం. డాఫ్నియాకు ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన పరీక్ష మార్గదర్శకం 202 ఉంది, ఆర్టీమియాకు అలాంటిది లేదు. మన దేశపు వ్యర్థజలాల సాధారణ ప్రమాణాల్లో ఉన్నది కూడా చేప పరీక్షే: శుద్ధి చేసిన నీళ్లలో ఏమీ కలపకుండా 96 గంటలు ఉంచితే 90 శాతం చేపలు బతకాలి. ఆర్టీమియా కోసమైతే ఆ నీళ్లకు ఉప్పు కలపక తప్పదు, కలిపాక అది అసలు శాంపిల్ కాదు.

అపోహ: కదలకపోతే చచ్చినట్టే.

వాస్తవం: 10 సెకన్లు ఆగి చూడండి, కాళ్లు కొట్టుకుంటున్నాయేమో. నేలవేము సారం లాంటి ముదురు రంగు శాంపిల్‌లో అవి కనపడవు, కింద నుంచి లైటు వేయాలి. ప్లేటులోని ఏ గుంటలో ఏ డోసుందో తెలియని మనిషి చేత లెక్క పెట్టిస్తే ఇంకా మంచిది.