కళాశాల ఫిర్యాదుల కమిటీ: అపోహలు - వాస్తవాలు

భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు కళాశాలల్లో అంతర్గత ఫిర్యాదుల కమిటీలకు బయటి సభ్యురాలిగా వెళ్తుంటాను. లైంగిక వేధింపుల ఫిర్యాదు వచ్చినప్పుడల్లా కొన్ని మాటలు వినక తప్పదు.

అపోహ: పెద్దమనుషుల్లో పెడితే తేలిపోతుంది.

గట్టు తగాదా నుంచి పెళ్ళి గొడవ దాకా మన ఊళ్ళలో అదే దారి. అబ్బాయి మేనమామ, అమ్మాయి తండ్రి ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని, "పెళ్ళి కావలసిన పిల్ల" అంటూ ముగించేస్తారు. ఆ పిల్ల మాత్రం వరండాలో నిలబడి ఉంటుంది! పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నివారించే 2013 చట్టంలో రాజీకి చోటుంది. కానీ బాధితురాలు తానుగా కోరాలి, విచారణకు ముందే, కమిటీ ద్వారానే జరగాలి. డబ్బు తీసుకుని సర్దుకోవడం కుదరదు.

అపోహ: ఫిర్యాదు నకలు అబ్బాయికి ఇస్తే అతని పక్షం వహించినట్లే.

అమ్మాయి శ్రేయస్సు కోరేవాళ్ళే ఎక్కువగా ఈ మాట అంటారు. అందుకే దీనితోనే నాకు ఎక్కువ తంటా. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2015 నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన 7 రోజుల్లో దాని నకలు అబ్బాయికి పంపాలి. జవాబు, పత్రాలు, సాక్షుల జాబితా ఇవ్వడానికి అతనికి 10 రోజులు. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. తొందరపడి ఈ మెట్లు దాటేస్తే ఏమవుతుందో గోవా విశ్వవిద్యాలయం కేసు చూపించింది. 2009లో విద్యార్థినులు ఒక అధ్యాపకుడిపై ఫిర్యాదు చేశారు. కమిటీ విచారణను హడావిడిగా ముగించింది, అతన్ని ఉద్యోగం నుంచి తొలగించారు. సహజ న్యాయసూత్రాలు, అంటే తన వాదన చెప్పుకునే సరైన అవకాశం ఇవ్వాలన్న నియమాలు పాటించలేదంటూ 2023లో సుప్రీంకోర్టు ఆ చర్యను కొట్టివేసి, విచారణను మళ్ళీ కమిటీకే పంపింది. 14 ఏళ్ళ తర్వాత ఆ విద్యార్థినులకు మిగిలింది ఇంకో విచారణ. క్రమం తప్పిన కమిటీ ఎవరికి మేలు చేసినట్లు?

అపోహ: అయితే అమ్మాయిని అతని ఎదుట నిలబెట్టి ప్రశ్నించాల్సిందే.

అక్కరలేదు. రాంచీ వైద్య కళాశాల విద్యార్థులు రాత్రివేళ అమ్మాయిల హాస్టల్‌లోకి చొరబడిన కేసులో, ఆ అబ్బాయిలు లేనప్పుడే అమ్మాయిల వాంగ్మూలాలు తీసుకున్నారు. 1973లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టలేదు. అబ్బాయికి ఆరోపణ ఏమిటో తెలియాలి, జవాబు చెప్పుకునే అవకాశం దక్కాలి. అది ఏ రూపంలో అన్నది పరిస్థితిని బట్టి. అతను ప్రశ్నలు రాసిస్తే కమిటీయే అమ్మాయిని అడగడం నాకు నచ్చిన పద్ధతి.

అపోహ: రుజువు కాలేదంటే అబద్ధపు ఫిర్యాదే.

ఆధారం చాలకపోవడం వేరు, దురుద్దేశంతో అబద్ధం చెప్పడం వేరు. రెండోదానికే శిక్ష, అదీ దురుద్దేశాన్ని విచారణలో విడిగా తేల్చాకే. ఇక్కడ క్రిమినల్ కోర్టు స్థాయి రుజువు అవసరం లేదు. ఇరుపక్షాలు విన్నాక ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువో చూస్తారు.

అపోహ: బస్సులో జరిగినదానికి కళాశాలకు సంబంధం లేదు.

ఉంది. నరసాపురం నుంచో పాలకొల్లు నుంచో పిల్లలను తెచ్చే కళాశాల బస్సు కూడా నిబంధనల దృష్టిలో ప్రాంగణమే.

అపోహ: మంచి లాయరును పెట్టుకుంటే గట్టెక్కవచ్చు.

కమిటీ ముందుకు ఏ పక్షమూ లాయరును తీసుకురాకూడదు.

అపోహ: విభాగాధిపతి కమిటీలో ఉంటే బరువుంటుంది.

ఉండకూడదు. డీన్, రిజిస్ట్రార్ కూడా అంతే. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు సభ్యులుగా ఉండాలి. మీ కళాశాల నోటీసు బోర్డులో కమిటీ సభ్యుల పేర్లు కనబడకపోతే ప్రిన్సిపాల్‌ను రాతపూర్వకంగా అడగండి.