బీజగణిత సాఫ్ట్‌వేర్‌కి గ్రాఫ్ ఎలా తోడైంది

మెట్టులా ఒక్కసారిగా ఎగిరే ప్రమేయాన్ని ఫోరియర్ శ్రేణిగా, అంటే సైన్, కొసైన్ అలల మొత్తంగా రాస్తే, మెట్టు పక్కన గ్రాఫ్ అవసరానికి మించి పైకి పోతుంది. ఎన్ని పదాలు కలిపినా ఆ మిగులు సన్నబడుతుందే తప్ప, మెట్టు ఎత్తులో సుమారు 9 శాతం కంటే తగ్గదు. ఆంగ్ల గణితవేత్త హెన్రీ విల్‌బ్రహామ్ దీన్ని 1848లోనే రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1898లో భౌతికశాస్త్రవేత్తలు మైకెల్సన్, స్ట్రాటన్ కలిసి 80 పదాలను కూడి వక్రాన్ని గీసే యంత్రం తయారు చేశారు. అదే ఏడాది ఇలాంటి శ్రేణుల గురించి మైకెల్సన్ 'నేచర్' పత్రికలో ప్రశ్న లేవనెత్తితే, 1899లో అమెరికన్ శాస్త్రవేత్త గిబ్స్ సరైన వివరణ ఇచ్చాడు. ఉన్నత గణితానికి బొమ్మ అవసరం కంప్యూటర్‌తో పుట్టింది కాదు. 1870లలో మ్యూనిక్‌లో గణితవేత్తలు క్లైన్, బ్రిల్ తమ విద్యార్థుల చేత వక్రతలాల ప్లాస్టర్ నమూనాలు చేయించారు. కానీ ఒక్క గుణకం మారినా నమూనా మళ్లీ కొత్తగా పోత పోయాల్సిందే.

కంప్యూటర్ బీజగణితం, అంటే సంఖ్యలతోనే కాక సూత్రాలతోనూ లెక్క చేసే సాఫ్ట్‌వేర్, మాత్రం బొమ్మల కోసం మొదలవలేదు. 1960లలో డచ్ భౌతికశాస్త్రవేత్త వెల్ట్‌మన్ రాసిన స్కూన్‌స్కిప్ ప్రోగ్రామ్ కణ భౌతికశాస్త్రంలోని పొడవాటి లెక్కల కోసం వచ్చింది. ఎంఐటీలో 1968లో మొదలైన మాక్సిమా (Macsyma) కూడా పెద్ద యంత్రాల మీద నడిచే పరిశోధన పనిముట్టే. తరగతి గది వైపు చూపు మళ్లింది 1980లలో. కాలిక్యులస్ బోధనను మార్చాలంటూ 1986 జనవరిలో టులేన్ విశ్వవిద్యాలయంలో సమావేశం జరిగింది. 1988 జూన్‌లో వచ్చిన మ్యాథమెటికా సూత్రాన్ని, సంఖ్యను, గ్రాఫ్‌ను ఒకే నోట్‌బుక్‌లోకి తెచ్చింది. దాని రూపాంతరం ఒకదాన్ని (Maxima) ఎవరైనా వాడి, మార్చుకోగల జీపీఎల్ లైసెన్సు కింద విడుదల చేసేందుకు 1998లో అనుమతి వచ్చింది.

నా దృష్టిలో ఇలా గ్రాఫ్ గీసే సాఫ్ట్‌వేర్ అసలు విలువ బొమ్మ అందంలో లేదు, మార్చి చూడగలగడంలో ఉంది. పెద్ద పరామితి ఉన్న సమాకలనాలను (ఇంటిగ్రల్స్) ఉజ్జాయింపుగా లెక్కించే స్టీపెస్ట్ డిసెంట్ పద్ధతినే తీసుకోండి. సంకీర్ణ తలంలో (కాంప్లెక్స్ ప్లేన్) సమాకలన మార్గాన్ని జీను బిందువు, అంటే ఒక దిశలో శిఖరంలా, మరో దిశలో లోయలా ఉండే చోటు, మీదుగా మళ్లించాలి అంటారు. బోర్డు మీద నాలుగు బాణాలు గీస్తే విద్యార్థికి ఆ మాట ఎందుకన్నారో తెలియదు. సమాకలించే ప్రమేయపు పరిమాణాన్ని త్రిపరిమాణ తలంగా గీసి, తిప్పి చూపిస్తే జీను కనిపిస్తుంది, దిగుడు దారి కనిపిస్తుంది. పెద్ద పరామితిని 1 నుంచి 20కి పెంచితే, ఆ దారి వెంట శిఖరం సూదిగా మారుతుంది. ఆ చిన్న చోటు ఒక్కటీ లెక్కిస్తే దాదాపు సమాకలనం మొత్తం ఎందుకు వస్తుందో అప్పుడు కళ్లకు కడుతుంది. ఇలా చూసిన విద్యార్థి ఆ పద్ధతిని బట్టీ పట్టక్కర్లేదు.

అయితే ఈ సాఫ్ట్‌వేర్ కొన్ని బిందువుల దగ్గర విలువలు లెక్కించి, వాటిని గీతలతో కలుపుతుంది. టాన్ ప్రమేయం ధన అనంతం వైపు పోయి ఋణ అనంతం నుంచి తిరిగొచ్చే చోట, లేని నిట్టనిలువు గీత ఒకటి గ్రాఫ్‌లో పడుతుంది. విద్యార్థులు దాన్నే అసింప్టోట్ (గ్రాఫ్ దగ్గరవుతూ పోయే సరళరేఖ) అనుకుంటారు. అలాంటి చోట గీతను తెంచే ఆప్షన్లు ఇప్పుడు ఉన్నాయి. సైన్ (1/ఎక్స్) విషయంలో అదీ లేదు: సున్నా దగ్గరకు వచ్చేసరికి ఎన్ని బిందువులు తీసుకున్నా చాలవు, తెర మీద కనిపించే అలలు ఆ ప్రమేయానివి కావు.