మన వీధి అంగడికి సరుకు ఎట్లా వస్తుంది?

పిల్లలూ,

కర్నూలులో మీ వీధి అంగడికి వచ్చే సరుకంతా ఒకే చోట కొన్నది కాదు. సబ్బులు, బిస్కెట్లు, టీపొడి కంపెనీ ఏజెన్సీల నుంచి వస్తాయి. సేల్స్‌మన్ వారానికోసారి వచ్చి, అరలు చూసి ఫోన్‌లో ఆర్డరు రాసుకుంటాడు. రెండు రోజుల్లోపే ఆటోలో సరుకు దిగుతుంది. పాత బిల్లు కడితేనే కొత్త సరుకు దించుతారు.

బియ్యం, బేడలు, చక్కెర హోల్‌సేల్ అంగళ్లలో మూటల లెక్కన కొంటారు. బియ్యం సంచి మీద 26 కిలోలని ఎందుకుంటుందో తెలుసా? 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు. ఇంకో కిలో కలిపితే ఆ పన్ను పడదు.

ఉల్లిగడ్డలు మన మార్కెట్ యార్డు నుంచే వస్తాయి. వాటి దగ్గర చాలా జాగ్రత్త కావాలి. వానాకాలం పంటలో తేమ ఎక్కువ, ఎక్కువ రోజులు నిలవదు. మూట విప్పగానే నేల మీద పరచాలి. గడ్డ మెడను బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగినా, మొలక కనిపించినా పక్కకు తీసేయాలి. ఒకటి కుళ్లితే చుట్టూ ఉన్నవాటికీ అంటుతుంది. 50 కిలోల మూట వెయ్యి రూపాయలకు కొని, 5 కిలోలు ఏరి పారేస్తే, కిలో పడింది 20 కాదు, 22 రూపాయల పైమాటే. ఈ తరుగు లెక్కలో వేసుకోకుండా ధర చెబితే నష్టమే.

‘డజను కొంటే ఒకటి ఉచితం’ అన్న స్కీము చూసి అవసరానికి మించి తెచ్చుకోవడం ఇంకో తప్పు. 5 రూపాయల బిస్కెట్ ప్యాకెట్ నాలుగున్నరకు పడిందనుకోండి. ఒక్కటి తేదీ దాటిపోయి, ఏజెన్సీ వెనక్కి తీసుకోకపోతే, తొమ్మిది ప్యాకెట్ల లాభం దానికే పోతుంది. అందుకే కొత్త పెట్టె రాగానే పాత ప్యాకెట్లు ముందుకు జరపాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఉద్దర. వీధిలోవాళ్లు జీతాలొచ్చాక కడతారు, ఏజెన్సీ మాత్రం వారానికే అడుగుతుంది. నెలాఖరులో అరలు పలచబడేది అందుకే. మీ ఇంటి పద్దు అక్కడ ఉంటే, ఒకటో తారీఖు రాగానే అమ్మానాన్నలకు గుర్తు చేయండి.

మీ తాత