ఆకాశపు వెలుగులో ఒక శాతం: మసక గెలాక్సీల ఫోటోగ్రఫీ

దీపాలకు ఎంత దూరం వెళ్లినా, చంద్రుడు లేని రాత్రి కూడా ఆకాశం పూర్తిగా నల్లగా ఉండదు. వాతావరణపు పై పొరల్లోని అణువులు వెలువరించే కాంతి, గ్రహాల మధ్య ఉన్న ధూళిపై పడి చెదిరే సూర్యకాంతి, విడివిడిగా కనిపించని అసంఖ్యాక నక్షత్రాల వెలుగు కలిసి ఆకాశానికి ఒక సన్నని మెరుపును ఇస్తాయి. ఈ మెరుపును ఒక చదరపు ఆర్క్ సెకనుకు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) ఇన్ని మాగ్నిట్యూడ్లు అని కొలుస్తారు. అత్యంత చీకటి ప్రదేశాలలో ఆ విలువ సుమారు 22 ఉంటుంది. ఈ కొలమానంలో సంఖ్య పెరిగే కొద్దీ వెలుగు తగ్గుతుంది. సంఖ్య 5 పెరిగితే వెలుగు నూరో వంతుకు పడిపోతుంది. సర్పిలాకార గెలాక్సీల వెలుపలి అంచులు 25, 26 దగ్గర ఉంటాయి. ఒక పెద్ద గెలాక్సీ ఎప్పుడో చీల్చి తనలో కలుపుకున్న చిన్న గెలాక్సీ నుంచి మిగిలిన నక్షత్రాల ధార 27 లేదా 28 దగ్గర ఉంటుంది. అంటే ఔత్సాహికులు చిత్రించాలని ఆశపడే ఆ ధార, దాని ముందు పరుచుకున్న ఆకాశపు సొంత వెలుగులో ఒక శాతానికి మించదు.

చిత్రాన్ని ప్రాసెస్ చేయడమంటే దానికి రంగులద్ది అందం కూర్చడమని చాలామంది అనుకుంటారు. మసక గెలాక్సీల విషయంలో అది ముఖ్యంగా తీసివేతల లెక్క. ఆకాశం కలిపినదాన్ని, కెమెరా కలిపినదాన్ని, టెలిస్కోపు కలిపినదాన్ని వరుసగా తొలగిస్తూ పోవాలి, కానీ ఆ క్రమంలో గెలాక్సీకి చెందిన ఆ ఒక్క శాతాన్ని పోగొట్టుకోకూడదు. ఈ పనిలోని కష్టమూ ఆనందమూ రెండూ అక్కడే ఉన్నాయని నా అభిప్రాయం.

మొదటి అడ్డంకి కాంతి కణాలైన ఫోటాన్ల స్వభావంలోనే ఉంది. అవి సమానమైన వ్యవధులలో రావు, యాదృచ్ఛికంగా వస్తాయి. ఒక పిక్సెల్‌లో సగటున 10,000 ఫోటాన్లు పడుతుంటే, ఒక్కో చిత్రంలో ఆ సంఖ్య దాని వర్గమూలమైన 100 మేరకు అటూ ఇటూ ఊగుతుంది. ఆ 10,000 ఆకాశానివి అనుకుంటే, అందులో ఒక శాతం ఉన్న గెలాక్సీ అంచు నుంచి వచ్చేవి కేవలం 100. సంకేతమూ, నాయిస్ అని పిలిచే ఆ ఊగిసలాటా సమానమైపోయాయి కనుక ఆ ఒక్క చిత్రంలో అంచు కనిపించదు. అటువంటి చిత్రాలు 100 తీసి కలిపితే గెలాక్సీ ఫోటాన్లు 10,000 అవుతాయి, నాయిస్ మాత్రం 1,000 వరకే పెరుగుతుంది; అంచు పది రెట్ల స్పష్టతతో బయటపడుతుంది. స్టాకింగ్ అని పిలిచే పద్ధతికి ఆధారం ఇంతే. స్పష్టత రెట్టింపు కావాలంటే సమయం నాలుగు రెట్లు వెచ్చించాలన్నది ఇందులోంచే వచ్చే కఠినమైన నియమం. నగర ఆకాశం విలువ 18 అయితే అది చీకటి ఆకాశం కంటే సుమారు 40 రెట్లు వెలుగుతో ఉన్నట్టు లెక్క. చీకటి చోట ఒక గంటలో దొరికే స్పష్టత కోసం అక్కడ దాదాపు 40 గంటలు చిత్రించాలి. ఖరీదైన పరికరాల కంటే చీకటి ఆకాశానికే విలువ ఎక్కువని అనుభవజ్ఞులు పదే పదే చెప్పడానికి కారణం ఈ లెక్కే.

కెమెరా దోషాలలో కొన్నింటిని తేలికగానే తొలగించవచ్చు. సెన్సర్‌లోని వేడి వల్ల పుట్టే సంకేతాన్ని, టెలిస్కోపుకు మూత పెట్టి అదే ఉష్ణోగ్రత వద్ద, అదే ఎక్స్‌పోజర్‌తో తీసిన డార్క్ ఫ్రేముల సగటుతో తీసివేస్తారు. ఒక్కో చిత్రానికి మధ్య టెలిస్కోపును కొన్ని పిక్సెళ్ల మేర పక్కకు జరిపితే సెన్సర్‌లోని స్థిరమైన లోపాలు ప్రతిసారీ వేర్వేరు నక్షత్రాల మీద పడతాయి. అప్పుడు ఉపగ్రహాల గీతలతో పాటు వాటిని కూడా గణాంక పద్ధతిలో ఏరివేయవచ్చు.

ఫ్లాట్ ఫ్రేముల సంగతి మాత్రం వేరు. వీటి మీద పెట్టే శ్రద్ధే మసక గెలాక్సీ చిత్రం భవితవ్యాన్ని తేలుస్తుందని నేను నమ్ముతాను. ఏ టెలిస్కోపూ సెన్సర్ అంతటా కాంతిని సమానంగా పరచదు. మూలల్లో వెలుగు తగ్గుతుంది, ఫిల్టర్ మీద కూర్చున్న ధూళి కణాలు గుండ్రటి నీడలు వేస్తాయి. సమానమైన వెలుగున్న తెరను చిత్రించి, ఆకాశ చిత్రాన్ని దానితో భాగిస్తే ఈ తేడాలు సర్దుకుంటాయి. కానీ ఆ భాగహారంలో ఒక శాతం తప్పు దొర్లిందంటే, ఆకాశపు వెలుగులో ఒక శాతం మేరకు లేని మచ్చ ఒకటి చిత్రంలో పుట్టుకొస్తుంది. మనం వెతుకుతున్న నక్షత్రాల ధార అంతకంటే మసకగా ఉంటుంది! కనుక దోషం 0.1 శాతానికి దిగాలి. అందుకు ప్రతి పిక్సెల్‌లోనూ ఫోటాన్లు పుట్టించే ఎలక్ట్రాన్లు మొత్తం మీద పది లక్షలు పోగవ్వాలి, ఎందుకంటే పది లక్షల వర్గమూలం 1,000. ఒక్కో ఫ్లాట్‌లో 25,000 ఎలక్ట్రాన్లు నిండేటట్లయితే 40 ఫ్లాట్లు కావాలి. తొందరలో ఏ పదో తీసి ముగించిన రాత్రి, ఎన్ని గంటల ఎక్స్‌పోజర్ ఉన్నా ఆ లోటును తర్వాత పూడ్చలేము. ఫ్లాట్ తీసేటప్పుడు టెలిస్కోపు గొట్టం లోపలి గోడల మీద చెదిరిన కాంతి కూడా సెన్సర్‌పై పడితే, మూలల లెక్క తప్పి చిత్రంలో వలయాలు ఏర్పడతాయి. గొట్టం లోపల నల్లని పూత సరిగా ఉందో లేదో చూసుకోవడం కూడా ప్రాసెసింగ్‌లో భాగమే అనాలి.

ఇంత చేశాక కూడా చిత్రంలో ఒక అంచు నుంచి మరో అంచుకు వెలుగు మెల్లగా మారుతూ ఉంటుంది. దిగంతం వైపు ఆకాశం ఎక్కువ వెలుగుతో ఉండడం, దూరపు దీపాల కాంతి, చంద్రుడి వెలుగు దీనికి కారణాలు. దీనిని గ్రేడియంట్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ ఆకాశం అనుకున్న చోట్ల నమూనా బిందువులు పెట్టి, వాటి మీదుగా ఒక నునుపైన తలాన్ని గీసి, ఆ తలాన్ని చిత్రం నుంచి తీసివేస్తారు. చెప్పడానికి సులువే. అయితే గెలాక్సీ చుట్టూ ఉండే మసక వలయం కూడా మెల్లగా మారే వెలుగే కనుక, రెండింటికీ తేడా ఏమిటో గణితానికి తెలియదు. బిందువు గెలాక్సీకి దగ్గరగా పడితే ఆ వలయమే ఆకాశం అన్న లెక్కలోకి వెళ్లి చెరిగిపోతుంది. గెలాక్సీ చుట్టూ ఆకాశం కంటే నల్లని పట్టీ కనిపించిందంటే ఇదే జరిగిందని తెలుసుకోవచ్చు. ఆండ్రోమెడా గెలాక్సీ ఆకాశంలో దాదాపు 3 డిగ్రీల మేర, అంటే పక్కపక్కన పెట్టిన ఆరు నిండు చందమామలంత పొడవున పరుచుకుని ఉంటుంది. అది ఫ్రేమంతా నిండిన చిత్రంలో నిజమైన ఖాళీ ఆకాశమే ఉండదు. అటువంటప్పుడు ఇంకా విశాలమైన క్షేత్రాన్ని వేరే లెన్సుతో చిత్రించి దాన్ని ఆధారంగా తీసుకోవడమే నమ్మదగిన దారి. ఒక్క మీట నొక్కితే గ్రేడియంట్‌ను తుడిచేసే పరికరాలు ఉన్నాయి గానీ, మసక అంచుల విషయంలో నేను వాటి మీద ఆధారపడను.

గెలాక్సీ వెలుగుకూ ఇతర వెలుగుకూ మధ్య ఉన్న ఈ సరిహద్దు ఎంత ప్రమాదకరమైనదో వృత్తి శాస్త్రజ్ఞుల అనుభవమూ చెబుతుంది. ఎం81 గెలాక్సీ పక్కన 1965లో ఖగోళ శాస్త్రజ్ఞుడు హాల్టన్ ఆర్ప్ గుర్తించిన మసక వలయాన్ని చాలా కాలం ఆ గెలాక్సీకి చెందినదిగానే భావించారు. తర్వాతి పరిశోధనలలో అందులో అధిక భాగం మన పాలపుంతలోని ధూళి మేఘాల నుంచి చెదిరిన కాంతేనని తేలింది. ఎన్‌జీసీ 5907 కథ ఇంకా ఆసక్తికరమైనది. అంచు మాత్రమే మనకు కనిపించే ఆ సర్పిలాకార గెలాక్సీని అమెరికా ఔత్సాహికుడు ఆర్. జే గబానీ అర మీటరు టెలిస్కోపుతో చిత్రించాడు. ఖగోళ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మార్టినెజ్-డెల్గాడో బృందం ఆ చిత్రం ఆధారంగా 2008లో ప్రచురించిన పరిశోధన, గెలాక్సీని చుట్టుకున్న నక్షత్రధారను ఒకటికి మించిన మెలికలతో చూపించింది. ఔత్సాహికుల చిత్రాలు పరిశోధనకు ఎంతగా ఉపయోగపడతాయో అది నిరూపించింది. టెలిఫోటో లెన్సుల సమూహంతో నిర్మించిన డ్రాగన్‌ఫ్లై టెలిస్కోపు 2019లో అదే గెలాక్సీని చూసినప్పుడు ధార ఉన్నదని స్పష్టమైంది గానీ, అది ఒకే ఒక వంపుగా కనిపించింది. రెండో మెలిక కనబడలేదు. ఇంత మసక వెలుగు దగ్గర ఏది ఉంది, ఏది లేదు అన్నది తేల్చడానికి ఒక టెలిస్కోపు సాక్ష్యం చాలదు.

తీసివేతలు పూర్తయ్యాక వచ్చే స్ట్రెచ్ అనే దశలోనే గెలాక్సీ కంటికి కనిపిస్తుంది. ముడి చిత్రంలో అంచులన్నీ నలుపుకు ఆనుకుని ఇరుకైన పరిధిలో ఉంటాయి. ఆ పరిధిని సాగదీస్తూ కేంద్రం తెల్లగా మాడిపోకుండా చూడాలి. మూడు రంగులనూ విడివిడిగా సాగదీస్తే ప్రకాశవంతమైన భాగాలు రంగు కోల్పోతాయి. 2004లో రాబర్ట్ లప్టన్, ఆయన సహచరులు సూచించిన పద్ధతిలో రంగుల నిష్పత్తి చెదరదు. వయసు మళ్లిన నక్షత్రాలున్న కేంద్రం పసుపుగా, కొత్త నక్షత్రాలు పుడుతున్న భుజాలు నీలంగా ఉండడం గెలాక్సీ చరిత్రే కనుక, రంగును ఇష్టానుసారం మార్చకుండా గాయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల రంగులతో సరిపోల్చి నిర్ణయించడం సబబు.

నాయిస్‌ను తుడిచి, వివరాలను పదును చేసే కృత్రిమ మేధ పరికరాలు ఇప్పుడు విరివిగా వాడుకలో ఉన్నాయి. ప్రకాశవంతమైన భుజాల మీద అవి బాగా పనిచేస్తాయి. నాయిస్‌తో సమానంగా ఉన్న అంచుల దగ్గర మాత్రం, అవి నేర్చుకున్న ఆకారాలు చిత్రంలోకి చేరిపోయే అవకాశం ఉంది. అందుకే కొత్త ధార కనిపించిందని అనిపించినప్పుడు ఈ పరికరాలను పక్కన పెట్టాలి. సేకరించిన ఫ్రేములను రెండు సగాలుగా విభజించి, విడివిడిగా స్టాక్ చేసి, రెండింటిలోనూ ఆ ధార ఉన్నదో లేదో చూడాలి. రెండు సగాలకూ ఒకే ఫ్లాట్లు వాడితే వాటిలోని తప్పు రెండింటిలోనూ ఒకేలా కనిపిస్తుంది కనుక, వేరే రాత్రి, కెమెరాను తిప్పి పెట్టి తీసిన చిత్రాలతో కూడా పోల్చాలి. పాలపుంత ధూళి సంగతి తేల్చడానికి పరారుణ కాంతిలో ఉపగ్రహాలు తయారు చేసిన ధూళి పటాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి.

ఇంత జాగ్రత్తకు ప్రతిఫలం నిజంగానే ఉంటుంది. మార్సెల్ డ్రెక్స్‌లర్, జేవియర్ స్ట్రాట్నర్, యాన్ సెంటీ అనే ఔత్సాహికులు ఆక్సిజన్ అయాన్లు వెలువరించే 500.7 నానోమీటర్ల కాంతిని మాత్రమే పోనిచ్చే ఫిల్టర్‌తో ఆండ్రోమెడా పరిసరాలను చిత్రించి, గెలాక్సీ పక్కన ఒకటిన్నర డిగ్రీల పొడవైన నీలి చాపాన్ని కనుగొన్నారు. ఆ ఫలితం 2023 జనవరిలో శాస్త్రజ్ఞుల సహకారంతో వెలువడింది. ఆకాశంలో అత్యధికంగా ఫోటోలు తీసిన గెలాక్సీలలో ఆండ్రోమెడా ఒకటి. ఆ తరంగదైర్ఘ్యంలో అంత ఓపికగా ఎవరూ చూడకపోవడం వల్లనే ఆ చాపం అంతకాలం మరుగున ఉండిపోయింది.

చివరి చిత్రం తయారయ్యాక ముడి ఫ్రేములను, సాగదీయని స్టాక్‌ను చెరిపేయకుండా దాచడం కూడా ఈ పనిలో భాగమే. ఇటలీ ఔత్సాహికుడు జ్యుసెప్పే డోనటియెల్లో ఆండ్రోమెడా నక్షత్రరాశిలో తాను కొన్నేళ్ల క్రితం చిన్న టెలిస్కోపుతో తీసి ఉంచుకున్న చిత్రాలను 2016లో తిరిగి పరిశీలిస్తూ ఒక మసక మరకను గమనించాడు. కానరీ దీవులలోని పెద్ద టెలిస్కోపులు దానిని మరుగుజ్జు గెలాక్సీగా నిర్ధారించాయి. 2018లో వెలువడిన పరిశోధనా పత్రం దానికి డోనటియెల్లో-1 అని పేరు పెట్టింది.