నెస్లే: వెనీలాకు 29 ధరల నుంచి 16 వేల ఉద్యోగాల కోత దాకా

2025 అక్టోబరులో నెస్లే కొత్త సీఈఓ ఫిలిప్ నవ్‌రాటిల్, రెండేళ్లలో 16 వేల ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించారు. అందులో 12 వేలు ఆఫీసు ఉద్యోగాలే. ఉమ్మడి సేవా కేంద్రాల (చాలా దేశాల ఆఫీసు పనిని ఒకేచోట చేసే కేంద్రాలు) వాడకం, ఆటోమేషన్ ఇందుకు దారులని కంపెనీ చెబుతోంది. ఏ దేశం లెక్కలు ఆ దేశమే చూసుకునే అలవాటున్న సంస్థకు ఈ వీలు ఎలా వచ్చింది? అది తెలియాలంటే 2000 నాటి నెస్లే అమెరికా విభాగాన్ని చూడాలి.

అంతకు ముందటి వెనీలా కథ చాలామందికి తెలుసు. ఒకే సరఫరాదారుకు, ఒకే వెనీలాకు తమ ఫ్యాక్టరీలు 29 రకాల ధరలు చెల్లిస్తున్నాయని అమెరికా విభాగం 1997లో కనిపెట్టింది. ఫ్యాక్టరీకో పేరుతో రాసుకోవడంతో పోల్చి చూసే దారే లేకపోయింది. ఉమ్మడి వ్యవస్థ కావాలనే వాళ్లకు ఇదే పెద్ద ఆధారం. అందులో న్యాయం ఉంది.

కానీ అసలు మలుపు ఆ తర్వాతే. కొనుగోళ్లు, అమ్మకాలు, లెక్కలు అన్నీ ఒకే వ్యవస్థలో నడిపే సాప్ సాఫ్ట్‌వేర్‌ను తెచ్చే 'బెస్ట్' ప్రాజెక్టును వైటూకే (2000 రాగానే పాత కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయన్న భయం) గడువుతో పరుగులు పెట్టించారు. రోజూ దానిమీద పనిచేయాల్సిన విభాగాలకు కీలక బృందంలో చోటివ్వలేదు. ఫలితం కౌంటర్ దగ్గరే కనబడింది. సేల్స్ వాళ్లు ఒక దుకాణదారుకు డిస్కౌంట్ ఇస్తారు, ఆ రేటు అకౌంట్స్ వాళ్ల స్క్రీన్ మీదికి రాదు. దుకాణదారు సరిగ్గా కట్టినా బాకీ మిగిలినట్టే కనిపిస్తుంది. హెల్ప్‌డెస్క్‌కు రోజుకు 300 కాల్స్ వచ్చాయి. గిరాకీ అంచనా వేసేవాళ్లు పాత స్ప్రెడ్‌షీట్లకే మళ్లారు. ఎందరో ఉద్యోగాలే వదిలేశారు. వాళ్లు మార్పును అడ్డుకున్నారనడం అన్యాయం. పని ఎలా జరుగుతుందో తెలిసింది వాళ్లకే.

2000 జూన్‌లో అమెరికాలో 'బెస్ట్' పని ఆపేశారు. సరిగ్గా అదే నెలలో స్విట్జర్లాండ్‌లోని వెవే కేంద్ర కార్యాలయం, ప్రపంచమంతటికీ సాప్ తెచ్చేందుకు సుమారు 20 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అదే 'గ్లోబ్'. అమెరికా విభాగం ఆ అక్టోబరులో ముఖ్యుల్ని మూడు రోజులు కూర్చోబెట్టి, ముందు పనితీరు తేల్చుకుని, మళ్లీ మొదలుపెట్టింది. అది ముగిసేసరికి 2003 వచ్చింది.

గ్లోబ్ పగ్గాలను ఐటీ వాళ్లకు కాక వ్యాపారం నడిపిన క్రిస్ జాన్సన్‌కు ఇచ్చారు. అమెరికా అనుభవం ముందుండగా అది మంచి నిర్ణయమే. సరుకులకు, సరఫరాదారులకు, కొనుగోలుదారులకు దేశదేశాల్లో ఒకే పద్ధతి కోడ్లు తేవడం గ్లోబ్ పెట్టుకున్న పని. కోడ్ ఒకటైతే ఫిలిప్పీన్స్‌లోని మనీలా ఆఫీసు బిల్లును మరెక్కడ కూర్చొనైనా సరిచూడొచ్చు. ఇప్పటి కోతకు పునాది అక్కడే పడింది.

కంపెనీ ఆదా లెక్కలు చెబుతోంది. వెళ్లిపోయే 12 వేల మందికి తెలిసిన పనిని ఎవరు, ఎప్పుడు నేర్చుకుంటారన్నదే ఇప్పుడు యాజమాన్యాన్ని అడగాల్సిన ప్రశ్న.