కటికి జలపాతానికి వెళ్లే ముందు

చిరంజీవులైన మనవలకు, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవల్లో కటికి చూడ్డానికి బయల్దేరుతున్నారని మీ అమ్మ చెప్పింది. ఫోనులో చెబితే సగమే వింటారని రాస్తున్నాను. బీచిలో ఆడీ ఆడీ మీకు నీళ్లంటే భయం పోయింది. నా బెంగంతా అదే.

కిరండూల్ బండి ఎక్కి బొర్రా గుహల స్టేషన్లో దిగండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని మన విశాఖ రేవుకు దింపడానికి 1960ల్లో కొండలు తొలిచి వేసిన లైను అది. సొరంగం వచ్చినప్పుడల్లా బండిలో పిల్లలంతా కేకలు పెడతారు, మీరూ పెట్టండి. అక్కడినుంచి జీపు. ఆ దారిని రోడ్డనడం మర్యాద కొద్దీ అనడమే! ఎర్రమట్టి, గోతులు, రాళ్లు. మీ నాన్న కారైతే అడుగు తగిలి ఆగిపోతుంది. చివర కొంత నడక కూడా ఉంది.

అక్కడ పడేది గోస్తని నది నీరు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కిందుగా సాగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మధ్యలో తాటిపూడి రిజర్వాయరు. మన ఊరి కొళాయిల్లోకి ఆ నీళ్లు కూడా వస్తాయి, కాబట్టి చిప్స్ ప్యాకెట్లు అక్కడ పారేసి రాకండి.

ధార కింద మడుగు చూడ్డానికి మోకాలి లోతనిపిస్తుంది. కాదు. పైనుంచి పడే నీరు ఏళ్ల తరబడి ఒకే చోట కొట్టి గొయ్యి తవ్వేస్తుంది. ఆ తెల్లటి నురగ నిండా గాలి బుడగలే, అందులో మనిషి సరిగ్గా తేలడు. ఎంత ఈత వచ్చినా చేతులకు పట్టు దొరకదు. పైగా అడుగుకు పోయిన నీరు కొంత మళ్లీ ధార వైపే తిరుగుతుంది, మనిషినీ అటే లాగుతుంది. పక్కనున్న బండలు తడి లేనట్టు కనిపించినా పాచి పట్టి ఉంటాయి.

మీ నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువన వాన కురుస్తుండొచ్చు. కొండవాలు మీద పడ్డ వాన నేలలో ఇంకే లోపే గెడ్డల్లోకి, అంటే కొండవాగుల్లోకి, దూకేస్తుంది. తేటనీరు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా ఫోటోలు వదిలేసి గట్టెక్కండి. చెప్పుల కోసం కూడా ఆగొద్దు. తుఫాను హెచ్చరిక ఉంటే అసలు ఇల్లు కదలొద్దు. 2014లో హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబరులోనే, 12న. అక్కడి ఊరివాళ్లు అటు దిగొద్దంటే ఎందుకని వాదించకండి, ఆ గెడ్డ సంగతి వాళ్లకే తెలుసు.

బొంగు చికెన్ తిరుగు దారిలో తినండి, ముందే తింటే నడవలేరు. జీపు బేరం రానూపోనూ, ఆగే సేపు కూడా కలిపి మాట్లాడుకోండి. నాలుగింటికల్లా తిరుగుముఖం పట్టండి, కొండల నడుమ చీకటి తొందరగా పడుతుంది. సిగ్నలు అందగానే అమ్మమ్మకు ఫోను చెయ్యండి. నాకు అక్కర్లేదు, ఆవిడే ఎక్కువ కంగారు పడుతుంది.

మీ తాతయ్య,
విశాఖపట్నం